గా పేరుతోటి ఇక్కడెవ్వరు లేరు

మనుషులు ఉన్నారో లేరో చూసి రావడం భద్రు ఉద్యోగం. నవ్వకండి, నిజంగానే అలాంటి ఉద్యోగం ఒకటుంది. ఎవరైనా క్రెడిట్ కార్డుకు దరఖాస్తు పెట్టుకుంటే, ఆ మనిషి రాసిచ్చిన చిరునామాలో నిజంగా ఉంటున్నాడా, ఇరుగుపొరుగు అతన్ని ఎరుగుదురా, ఇల్లు సొంతమా కిరాయా అని కనుక్కుని రమ్మని బ్యాంకు ఒక ఏజెన్సీకి చెబుతుంది. ఏజెన్సీ భద్రుకు చెబుతుంది. భద్రు బండి మీద వెళ్లి, ఇంటి ముందు నిలబడి ఫోనులో ఫొటో తీసి, పక్కింటి తలుపు తట్టి నాలుగు మాటలడిగి, చివర్న ‘పాజిటివ్’ అనో ‘నెగెటివ్’ అనో నొక్కుతాడు. పాజిటివ్ అంటే మనిషి ఉన్నాడు. నెగెటివ్ అంటే లేడు. ఎదురుగా నిలబడి టీ తాగుతున్నా సరే, నెగెటివ్ అంటే లేడు.

కొత్తగూడెంలో బొగ్గు గనుల క్వార్టర్లలో ఈ పని నల్లేరు మీద బండి నడక. క్వార్టరుకు నంబరుంటుంది, తలుపు మీద పేరుంటుంది, పక్కింటావిడ అడగకముందే మూడు తరాల చరిత్ర చెప్పి, ఆ ఇంటాయన ఏ షిఫ్టుకు పోతాడో ఎప్పుడు తాగొస్తాడో కూడా చెబుతుంది. చిక్కంతా అడవి అంచున ఉన్న ఊళ్లలో. కోయగూడేల్లో, లంబాడీ తండాల్లో ఇంటికి నంబరుండదు. ఉన్నా అది తలుపు మీద కాక పంచాయతీ ఆఫీసులో ఎక్కడో ఉంటుంది. మనిషికి కాగితంలో ఒక పేరు, ఊళ్లో ఒక పేరు. మిగతా కుర్రాళ్లు అటువైపు పోవాలంటే ముఖం చిట్లించేవారు. అందుకని ఆ రూటంతా భద్రుకే పడింది. “మీవాళ్ల దగ్గరికి నువ్వైతేనే వెళ్తావయ్యా, మాకు ఆ దారులే తెలియవు” అనేవాడు సూపర్‌వైజర్ మురళీకృష్ణ. ఆయనది సత్తుపల్లి వైపు. మాట మెత్తగా ఉంటుంది, పని మాత్రం ముల్లుకర్రతో పొడిచి చేయిస్తాడు.

భద్రుది లంబాడీ తండా. జూలూరుపాడు దాటి ఏన్కూరు వైపు పోతూ, తారురోడ్డు దిగి అడవి పక్కనే పోతే వస్తుంది. పేరు రాళ్లవాగు తండా. వాళ్లింట్లో ముగ్గురే. తల్లి మంగ్లి, భార్య సోమ్లి, అతను. తండ్రి దేవ్‌సింగ్ భద్రు హాస్టల్లో చదువుకునే రోజుల్లోనే పోయాడు.

భద్రుకు కూడా పేర్లు రెండు. తల్లిదండ్రులు పెట్టింది భద్రు. బడిలో వేసిన రోజున సారు కళ్లజోడు సర్దుకుని, “భద్రు ఏందిరా, అదొక పేరా” అని రిజిస్టర్లో వీరభద్రం అని రాసుకున్నాడు. ఎవరినీ అడగలేదు. మేకకు చెవి కోసి గుర్తుపెట్టేవాడు కూడా ఆ మేక ఎవరిదో వాళ్లను ఒక మాట అడుగుతాడు. ఆ రాతే పదో తరగతి సర్టిఫికెట్‌లోకి వచ్చింది, డిగ్రీలోకి వచ్చింది, ఆధార్‌లోకి వచ్చింది. ఇక మార్చేదెవరు? జీతం పడేది బానోత్ వీరభద్రం పేరు మీద. అన్నం తినేది భద్రు. ఇద్దరికీ పేచీ లేకుండా ఇన్నేళ్లు గడిచిపోయింది.

పేచీ ఫోను దగ్గర వచ్చింది.

మిరప కోతలు మొదలైన రోజుల్లో ఏజెన్సీవాళ్లు యాప్ మార్చారు. ఇంటి ఫొటో, మనిషి ఫొటో, తిరిగిన దారి అన్నీ అందులోనే పోవాలట. భద్రు దగ్గరున్న పాత ఫోనులో ఆ యాప్ తెరుచుకోనే లేదు. కొత్త ఫోను ఎవరికి వాళ్లే కొనుక్కోవాలి. పని ఏజెన్సీది, లాభం ఏజెన్సీది, ఫోను మాత్రం నౌకరిది! అదేమని అడిగితే మురళీకృష్ణ చేతులెత్తేశాడు. “నెలాఖరు దాకా టైమిచ్చారు భద్రూ. ఈలోపు ఫోను లేకపోతే నీ రూట్ ఖమ్మం వాళ్లకి వెళ్లిపోతుంది. నేను చేసేదేం లేదు.”

రూట్ పోవడమంటే నౌకరీ పోవడమే. నౌకరీ పోతే మళ్లీ మిరప చేలో కూలి. చేతిలో డిగ్రీ పెట్టుకుని ఆ చేలోకి దిగకూడదనే హాస్టల్లో పురుగులన్నం తిని చదివాడు. ఫోను రొక్కానికి కొనే తాహతు లేదు. ఆఫీసు కిందనే ఉన్న ఫోన్ల దుకాణంలో ఆ బ్యాంకు క్రెడిట్ కార్డు ఉంటే చాలు, చేతి నుంచి రూపాయి పెట్టకుండా వాయిదాల మీద ఇస్తారు. ఈ సంగతి వినగానే సోమ్లి పకపకా నవ్వింది. “రోజు మందికి కార్డులిప్పిచ్చేటోనివి, నీకొకటి ఇప్పిచ్చుకోరాదా?”

నిజమే కదా అనిపించింది. దరఖాస్తు పెట్టాడు.

కాగితాల దగ్గర అడ్డం లేదు. ఆధార్, పాన్, పాస్‌బుక్ అన్నీ బానోత్ వీరభద్రం అనే చెప్పాయి. ఫోనులో ముఖం చూపించమంటే చూపించాడు. కళ్లార్పమంటే ఆర్పాడు, తల కుడికి తిప్పమంటే తిప్పాడు, ఎడమకు తిప్పమంటే తిప్పాడు. సంతలో కోడెను కొనేవాడు కూడా అంతగా తిప్పి చూడడు. మిగిలింది ఇంటికొచ్చి చూసే పని ఒక్కటే. సొంత ఏజెన్సీ మనిషి ఇంటికి సొంత ఏజెన్సీవాళ్లు పోకూడదన్నది బ్యాంకు కట్టుబాటు. కనుక ఖమ్మం నుంచి వేరే ఏజెన్సీ కుర్రాడు వస్తాడు. ఎప్పుడొస్తాడో చెప్పడు.

తల్లికి ఒక మాట చెప్పి ఉంచుదామని భద్రుకు తోచనే లేదు. ముందే చెప్పి పెట్టేది దొంగలు. అతను దొంగ కాదు. పైగా ఆ ఇంట్లో పుట్టి ఆ ఇంట్లో పెరిగినవాణ్ని ‘ఇక్కడే ఉంటాడా’ అని అడిగితే చెప్పడానికి పాఠం నేర్పాలా? పుట్టింటి సంగతి మేనమామకు చెప్పాలా?

ఖమ్మం నుంచి వచ్చిన కుర్రాడి పేరు సాయికృష్ణ. పాపం, అతని తప్పు ఇసుమంత కూడా లేదు. అతనొచ్చేసరికి తండా ఖాళీ. సోమ్లితో సహా అందరూ ట్రాక్టర్లెక్కి ఏన్కూరు వైపు మిరప కోతకు పోయారు. మంగ్లి ఒక్కతే పందిరి కింద కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. సాయికృష్ణ బండి ఆపి, హెల్మెట్ తీసి, భుజాన బ్యాగు సర్దుకుంటూ దగ్గరికొచ్చాడు.

“అమ్మా, బానోత్ వీరభద్రం గారి ఇల్లు ఇదేనా?”

మంగ్లి ముందు బ్యాగు చూసింది. తర్వాత బూట్లు చూసింది. “ఎవ్వరు?”

“వీరభద్రం. తండ్రి పేరు దేవ్‌సింగ్.”

ఆ రెండో పేరు వినగానే ఆమె చేతిలో పని ఆగింది. “గా పేరుతోటి ఇక్కడెవ్వరు లేరు.”

“మీరేమవుతారమ్మా ఆయనకు?”

“నేనెవ్వరికి ఏం కాను బిడ్డ. ముసల్దాన్ని.”

సాయికృష్ణ మంచి కుర్రాడు కనుక అంతటితో వదల్లేదు. ఫోనులో భద్రు ఫొటో తీసి చూపించాడు. మంగ్లి ఫోను చేతిలోకి తీసుకుని, తన కడుపున పుట్టినవాడి ముఖాన్ని దూరంగా ఒకసారి, దగ్గరగా ఒకసారి పెట్టి చూసింది. “పిలగాడు మంచిగనే ఉన్నడు. మా తండ కాదు” అని తిరిగిచ్చింది. అతను రెండిళ్లవతల మంచంలో ఉన్న ముసలాయన్ని అడిగాడు. ఆయన మంగ్లి వైపు చూశాడు. మంగ్లి తల అడ్డంగా ఊపింది. “లేడు బిడ్డ, గట్లాంటోడు లేడు” అన్నాడు ఆయన. సాయికృష్ణ ఇంటి ఫొటో తీసుకుని, నెగెటివ్ నొక్కాడు. ఎండన పడి వచ్చాడు కదా అని మంగ్లి అతనికి చెంబెడు చల్లని నీళ్లిచ్చి పంపింది.

మర్నాడు ఆఫీసులో మురళీకృష్ణ భద్రును కేకేసి, తన కంప్యూటర్ తెర అతని వైపు తిప్పాడు. నవ్వాపుకోలేక కడుపు పట్టుకున్నాడు. “ఏమయ్యా భద్రూ! నువ్వు లేవంట!”

భద్రు చదివాడు. దరఖాస్తుదారు ఆ చిరునామాలో లేడు. ఆ ఇంట్లో ఉన్న వృద్ధురాలు ఫొటో చూసి కూడా ‘మంచిగనే ఉన్నడు, మా తండ కాదు’ అన్నది. పొరుగువారు కూడా ధ్రువీకరించారు. కార్డు నిరాకరించడమైనది.

కాసేపు అతనికి అక్షరాలు కనిపించాయి కానీ అర్థం కాలేదు. అర్థమయ్యాక చెవులు వేడెక్కాయి. ఊరి చివర టీ కొట్టువాడో, పాత పగవాడో లేడని చెబితే ఓర్చుకునేవాడు. ఆ ఇంట్లో ఉన్న వృద్ధురాలు! ఆ ఇంట్లో ఉన్న వృద్ధురాలు ఒక్కతే.

“సార్, నేను మీ ముందల్నే ఉన్న గద?”

“ఉన్నావయ్యా, నాకు తెలియదా? నాకు తెలిస్తే సరిపోదు గదా, రిపోర్టుకు తెలియాలి.”

“రిపోర్టు తప్పని రాయిండ్రి.”

“నేను రాయకూడదు. రాస్తే ఏజెన్సీకే మచ్చ. ఒక పని చెయ్యి. అసలు ఆ తండా అడ్రస్ ఎందుకు పెట్టావు నువ్వు? ఇక్కడ కొత్తగూడెంలో ఒక గది కిరాయికి తీసుకున్నట్టు అగ్రిమెంట్ రాయించు. ఇంటి ఓనరుతో చెప్పించుకో. రెండు రోజుల్లో పాజిటివ్ వస్తుంది.”

“నేను ఉండేది తండల సార్.”

“ఉండవయ్యా, ఎవరొద్దన్నారు? కాగితంలో ఇక్కడుండు.”

అప్పుడు భద్రుకు తిక్క రేగింది. “ఏందిది సార్? ఉన్నకాడ లేనని, లేనికాడ ఉన్ననని రాయాల్నా? గిట్ల దొంగ అగ్రిమెంట్లు పెట్టినోళ్లను నెగెటివ్ కొట్టుమని మీరే గద నాకు నేర్పింది? మా తండాలు, గూడేలు నా గొంతుకు కట్టి తిప్పుకున్నరు. నేను పోయి ఉన్నరంటే మావోళ్లు ఉన్నట్టు. నేనున్న అనెటందుకు మాత్రం ఓనర్ కావాల్నా?”

ఆఫీసులో ఉన్న నలుగురూ తలెత్తి చూశారు. మురళీకృష్ణ నవ్వు తగ్గించాడు. మరీ పాషాణం కాడు ఆయన. బ్యాంకులో ఎవరికో ఫోను చేసి, బతిమాలి, ఒక దారి కనిపెట్టాడు. ఇంకొక్కసారి చూస్తారు. మనిషి రాడు. రేపు పొద్దున బ్యాంకు నుంచి ఫోను వస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లు మాట్లాడి నాలుగు ప్రశ్నలకు జవాబు చెబితే చాలు. “కానీ పక్క నుంచి నువ్వు అందించకూడదు. నీ గొంతు వినపడితే అక్కడితో కట్. ఇంక మూడో అవకాశం లేదు, ముందే చెప్తున్నా” అన్నాడు.

భద్రు బండి ఎలా నడిపాడో అతనికే తెలియదు. ఇంటి ముందు దాన్ని స్టాండ్ కూడా వేయకుండా గోడకు కొట్టి నిలబెట్టాడు. హెల్మెట్ విసిరితే అది దొర్లుతూ పోయి చింతపండు చాట దగ్గర ఆగింది. ఆ ఇంట్లో మాటలన్నీ లంబాడీలో సాగుతాయి. తల్లిని వాళ్లు యాడీ అంటారు, తండ్రిని బా అంటారు. నేను తెలుగులో చెబుతున్నాను కానీ, ఆ పూట అతని నోటివెంట వచ్చిన మాటల పదును తెలుగులోకి రాదు.

“యాడీ! నీకు కొడుకు లేడా?”

మంగ్లి చాటలో పడ్డ దుమ్మును ఊదింది.

“నిన్నొచ్చిన పిలగాడు నా ఫొటో చూపిస్తే మా తండ కాదన్నవంట? మంచిగున్నడన్నవంట! కన్నదానివి నువ్వే లేడంటే ఇంక నేను ఎవరింటికి పోయి ఉన్నననాలె? వీరభద్రమంటే నేనే అని నీకు తెల్వదా?”

“తెల్సు.”

“తెల్సి చెప్పినవా?”

“తెల్సే చెప్పిన.”

ఆ జవాబుతో అతనికి నిజంగా పిచ్చెక్కినంత పనైంది. నౌకరీ పోతుందన్నాడు. ఆఫీసులో అందరూ నవ్వారన్నాడు. నీ పాడు బుద్ధి వల్ల మళ్లీ చేలో కూలికి పోవాలన్నాడు. తల్లిని అనకూడని మాట కూడా ఒకటి అన్నాడు. సోమ్లి అప్పుడే కూలి నుంచి దిగి, మిరప ఘాటుతో మండుతున్న చేతులు కడుక్కోకుండానే మధ్యలోకి వచ్చి, “ఇగ చాలు” అని అరిచింది.

మంగ్లి చాట పక్కకు జరిపింది. “అయిందా బేటా? ఇప్పుడు నేను చెప్తా, విను. నువ్వప్పుడు పాకుతున్నవ్. అడివి కొట్టి పోడు చేస్తున్నరని కేసులు పెట్టే రోజులు. ఒక పొద్దు జీపొచ్చి గీ పందిరి ముందల్నే ఆగింది. దిగినోడు మస్తు మర్యాదగ అడిగిండు. అమ్మా, దేవ్‌సింగ్ ఇల్లు ఇదేనా అని. నాకు గప్పుడు ఏం తెల్సు? నా మొగనికోసం పెద్ద మనుషులొచ్చిండ్రని సంబరపడ్డ. అవ్ ఇదే అన్న. చేనుకాడ ఉన్నడు అని, గట్ల పో అని, నేనే ముందుకొచ్చి చెయ్యిపెట్టి తొవ్వ చూపిన.”

భద్రుకు తండ్రిని పట్టుకుపోయిన సంగతి తెలుసు. చాలా కాలానికి తిరిగొచ్చాడని, వచ్చిన తర్వాత కాలు ఈడ్చుకుంటూనే నడిచాడని, అరక పట్టలేకపోయాడని తెలుసు. తొవ్వ చూపింది ఎవరో మాత్రం ఇన్నేళ్లలో ఎవరూ చెప్పలేదు.

“ఎవ్వరు పట్టియ్యలే మీ బాను. నేనే పట్టిచ్చిన. నిజం చెప్పి పట్టిచ్చిన” అంది మంగ్లి. “గప్పటి సంది బ్యాగేసుకొని వచ్చినోడు ఎవ్వరి పేరడిగినా తండల లేడనే చెప్తం. నిన్నొచ్చినోడు నీ పేరు, మీ బా పేరు జతచేసి అడిగిండు. నా కొడుకును గూడ నేనే పట్టియ్యాల్నా?”

భద్రు కోపం చల్లారిందని చెబితే అబద్ధం. అది పోలేదు. తల్లి మీది నుంచి లేచి, ఎటు వాలాలో తెలియక తిరిగింది. జీపులో మర్యాదగా మాట్లాడినవాడి మీద పోయింది, వాడెవడో తెలియదు. రిపోర్టు మీద పోయింది, దానికి ముఖం లేదు. గోరుచుట్టు మీద రోకటిపోటులా, ఏ నిజం చెప్పి ఆమె మొగుణ్ని పట్టించిందో ఆ నిజమే ఇప్పుడు మళ్లీ చెప్పమని అడగాలి.

అడిగాడు. హెల్మెట్ తీసి పక్కన పెట్టి, ఆమె ముందు కూర్చుని, వీలైనంత మెల్లగా చెప్పాడు. “రేపు ఫోనొస్తది యాడీ. జీపోళ్లు కాదు, బ్యాంకోళ్లు. ఎవ్వరు ఎవ్వర్ని పట్టుకపోరు. ఏదడిగితే దానికి నిజం చెప్పు. ఒక్క అబద్ధం వద్దు. నేను అందియ్యరాదు. నువ్వే చెప్పాలె.”

“ఏం కాదా?”

“ఏం కాదు. నా మీద ఒట్టు.”

ఆ సాయంత్రం ఆమె కొడుకు కాగితం పేరు చదువుకునే పిల్లలా వల్లె వేసింది. నోరు తిరక్క ‘ఈరబద్రం’ అంటే సోమ్లి నవ్వి సరిచేసింది. చివరికి స్పష్టంగా వచ్చింది. మనవడికి పేరు పెట్టినంత సంతోషపడింది ముసలామె.

తండాలో ఫోను సరిగ్గా అందేది వాటర్ ట్యాంకు మెట్ల దగ్గరే. పొద్దున్నే ముగ్గురూ అక్కడికి పోయారు. ఫోను మోగింది. భద్రు స్పీకర్ పెట్టి తల్లి చేతికిచ్చి, నాలుగడుగులు వెనక్కి వేసి నోరు మూసుకుని నిలబడ్డాడు. అవతల ఆడపిల్ల గొంతు, నెమ్మదిగా, గౌరవంగా ఉంది.

“అమ్మా, బానోత్ వీరభద్రం గారు మీకు తెలుసా?”

మంగ్లి ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. “అవ్. తెల్సు. నా కొడుకే.”

“ఎక్కడ ఉంటారమ్మా?”

“ఇక్కడ్నే. నా ఇంట్లనే. పుట్టినప్పటి సంది.”

“ఏం పని చేస్తారు?”

“మంది ఉన్నరా లేరా అని చూసొచ్చే నౌకరీ తల్లీ.”

అవతలి గొంతు చిన్నగా నవ్వింది. భద్రు గుండెలో బరువు సగం దిగింది. “ఆయన తండ్రి పేరు?”

“దేవ్‌సింగ్. పోయిండు.”

“సరేనమ్మా. చివరగా, మీ పేరు చెప్పండి.”

“మంగ్లి.”

అవతల మీటలు టకటకలాడిన చప్పుడు. “ఇంకోసారి చెప్తారా?”

అప్పుడు భద్రుకు గుర్తొచ్చింది. బడిలో వేసిన ఆ రోజు, ఆ సారు కొడుకు పేరు ఒక్కటే మార్చి ఊరుకోలేదు. తల్లి పేరేంట్రా అని అడిగి, మంగ్లి అంటే, మంగమ్మ అని రాసుకున్నాడు. సర్టిఫికెట్‌లో మంగమ్మ. సర్టిఫికెట్ చూసి నింపిన దరఖాస్తులో మంగమ్మ. తన పేరు గురించి తలబద్దలు కొట్టుకుంటూ అతను తల్లి పేరు మరిచేపోయాడు. గొంతు దాకా వచ్చిన కేకను పళ్లతో కొరికి ఆపి, తల్లికి ఎదురుగా వచ్చి పెదవులు కదిపాడు. మం-గ-మ్మ. చేతులతో సైగ చేశాడు. మం-గ-మ్మ.

మంగ్లి కొడుకు ముఖం చూసింది. అతను కంగారు పడుతున్నాడు. తను తడబడుతుందని, ఎక్కడ అబద్ధం చెబుతుందోనని భయపడుతున్నాడు కాబోలు. ఏం కాదులే అన్నట్టు చెయ్యి ఊపి, నడుం నిటారుగా చేసి, ట్యాంకు అవతలికి కూడా వినిపించేలా చెప్పింది.

“మంగ్లి తల్లీ. బానోత్ మంగ్లి. మంగళారం పుట్టిన, మా నాయన మంగ్లి అని పెట్టిండు. ఇంకో పేరు లేదు నాకు.”

“ధన్యవాదాలమ్మా” అంది అవతలి గొంతు, అంతే గౌరవంగా. ఫోను ఆగిపోయింది.

భద్రు తల్లి చేతిలోంచి ఫోను తీసుకుని ట్యాంకు వెనక్కి, ఆమెకు వినపడనంత దూరం నడిచాడు. మురళీకృష్ణకు ఫోను కలిపాడు. ఆయన అప్పటికే చూశాడు. “తల్లి పేరు కలవలేదన్నారయ్యా. మంగమ్మ అని ఉంది ఫారంలో. ఆవిడేమో మంగ్లి అంది. అసలు ఆవిడ మీ అమ్మేనా అని రాశారు.”

“ఏమన్నరు?”

“నేను కాదయ్యా, వాళ్లు రాసింది చెప్తున్నా.”

“మేమడిగినమా సార్ మా పేర్లు మార్చుమని? మార్చింది మీరు! బడిల మీరు, ఆఫీసుల మీరు. మార్చి రాసింది మీరే, ఇప్పుడు కలుస్తలేదని అడిగేది మీరే! మా యాడి ఆమె పేరు ఆమె చెప్పుకుంటే నా తల్లి కాదంటరా? థూ! ఏం కార్డు సార్ అది? నన్ను లేడన్నరు, పడ్డ. మా అమ్మను అమ్మ కాదనెటందుకు మీరెవరు సార్?”

“నా మీద అరిస్తే ఏం లాభం భద్రూ?” మురళీకృష్ణ గొంతులో నిజంగానే బాధుంది. “నెలాఖరున ఐడీ కార్డు, బ్యాగు తెచ్చి ఇచ్చెయ్యి. రూట్ సాయికృష్ణకి రాశారు.”

భద్రు పాత ఫోనును రాతికేసి కొట్టాలని చెయ్యెత్తాడు. ఆ బడి సారు ఎదురుగా ఉంటే కళ్లజోడు లాగి తొక్కేవాడు. జీపులో వచ్చినవాడు ఉంటే ఏం చేసేవాడో! ఎవరూ లేరు. ట్యాంకు నుంచి కారే నీళ్లలో రెండు కోళ్లు తిరుగుతున్నాయి. కళ్లు తుడుచుకోవడానికి అతనికి చాలాసేపు పట్టింది.

తిరిగి వచ్చేసరికి మంగ్లి మెట్ల మీదే కూర్చుని ఉంది. ముఖం వెలిగిపోతోంది. అతను పుట్టి బుద్ధెరిగిన తర్వాత ఆ ముఖాన్ని అలా ఎన్నడూ చూడలేదు. పేరడిగినవాళ్లకు నిజం చెప్పినా కీడు జరగలేదని, మొగుణ్ని పట్టుకుపోయినప్పటి నుంచి గుండెల మీద మోస్తున్న బండ ఇవాళ దిగిందని, ఆమె సోమ్లికి చెబుతోంది. కొడుకును చూసి లేచి నిలబడింది.

“అన్ని నిజాలే చెప్పిన బేటా. ఒక్క అబద్ధం గూడ ఆడలే. సరిపోయిందా?”

భద్రు ఆమె మొహంలోకి చూశాడు. నెలాఖరు వస్తుంది. ఆనాడు బ్యాగు లేకుండా, ట్రాక్టరెక్కి మిరప చేలోకి పోవడానికి ఆమెకు ఏదో ఒక కారణం చెప్పాలి. ఏం చెప్పాలో తర్వాత చూసుకోవచ్చు.

“సరిపోయింది యాడీ” అన్నాడు. “అంత సక్కగ చెప్పినవ్.”

ఆ పొద్దున అక్కడ ఆడిన అబద్ధం అదొక్కటే.